ఊపిరి కనుమలో అనకూడని మాట

సముద్రం తన ముత్యాల కొంగును పరుస్తూ తీసుకుంటూ ఉండే ఒడ్డున, సున్నపు గోడలతో, పగడపు రంగు పెంకులతో తరంగపురం మెరిసిపోతూ ఉండేది. ఆ నగరంలో పుట్టినవాళ్ళకు అలలు తెలుసు. ఉప్పుగాలి తెలుసు. తుఫాను ముందు ఆకాశం తోమిన రాగిచెంబులా మారడం తెలుసు. కొండ మాత్రం తెలియదు. ఊరికి ఉత్తరాన ఉన్న ఇసుకదిబ్బనే వాళ్ళు కొండ అనేవారు. మంచు అనేదొకటి ఉందనీ, అది ఆకాశం నుంచి దూదిలా రాలుతుందనీ ఎవరైనా చెబితే, పాపం ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చి పంపేవారు.

అలాంటి నగరంలో, రాజభవనం వెనుక వంటశాల వసారాలో కూర్చుని మాచమ్మ కొండ ప్రయాణానికి మూట కడుతోంది.

మాచమ్మ ఇద్దరు రాజకుమారులనూ పెంచిన దాది. ఆమెకు మోకాళ్ళు అరిగాయి, చూపు తగ్గింది, భయం మాత్రం ఏటేటా పెరిగింది. గాలి కాస్త గట్టిగా వీస్తే చేపల పడవలన్నీ ఒడ్డుకు చేరాయో లేదో కనుక్కునిగానీ అన్నం ముట్టదు. అటువంటి మనిషి కట్టే మూట ఎలా ఉంటుంది? రాగిచెంబు, గొడుగు, చిన్న రోలు, పొత్రం, చింతపండు ఉండ, దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు, ఇవి చాలవన్నట్టు ఒక మడతపీట.

మూట ముందు గొంతుకూర్చున్న నింగన ఒక్కొక్కటే తీసి పక్కన పడేస్తున్నాడు. అతను గాలిమెట్ల సీమ నుంచి ఉన్ని అమ్ముకోవడానికి దిగివచ్చిన కొండమనిషి. ఎండకూ మంచుకూ కాలి అతని బుగ్గలు ఇటుకరంగుకు తిరిగాయి.

"ఇదేమిటి?" అన్నాడు నింగన.

"గొడుగు. వాన రాదా మీ దగ్గర?"

"మా కొండల్లో గొడుగు తెరిస్తే ముందు గొడుగు పోతుంది. దాని పిడి పట్టుకుని నువ్వూ పోతావు."

మాచమ్మ రెండు చెవులూ మూసుకుంది. "శుభమా అని బయలుదేరుతుంటే పోతావు పోతావు అంటావేమిట్రా! నీ నోరు పడ! ఎగిరిపడతావు అను, జారతావు అను. ఆ మాట అనకు."

"పోవడాన్ని పోవడమనక ఏమనాలి?"

కిటికీ అంచున కూర్చుని తాడుకు ముళ్ళు వేయడం నేర్చుకుంటున్న చిన్న రాజకుమారుడు కువలయుడు పకపకా నవ్వాడు. "అవ్వా! ఆ మాట నేర్చుకోవడానికేగా ఇతన్ని ఇంతకాలం ఇక్కడ ఉంచింది? నువ్వే చెవులు మూసుకుంటే ఎలా?"

మాచమ్మ చేతులు దించి, తీసేసిన గొడుగును మళ్ళీ మూటలోకి తోసింది.

సంగతేమంటే, మూడేళ్ళ కిందట మహారాణి ఊపిరాడక మంచం పట్టినప్పుడు, గాలిమెట్ల సీమలో దొరికే శ్వాసమూలిక తెస్తానని పెద్ద రాజకుమారుడు శంఖపాలుడు గుర్రమెక్కాడు. మూలిక రాలేదు. మహారాణి కన్నుమూసింది. శంఖపాలుడూ రాలేదు, అతన్ని వెతకడానికి వెళ్ళిన భటులూ రాలేదు. యువరాజు మంచులో సమాధి అయ్యాడని రాజ్యమంతా ఏడ్చి ఊరుకుంది. మాచమ్మ ఒక్కతే సాయంత్రం కాగానే అతని పీట వాల్చి, పక్కన మంచినీళ్ళ చెంబు పెట్టి, చీకటి పడ్డాక రెండూ తీసేసేది.

ఈ ఏడు ఉన్ని అమ్మడానికి వచ్చిన నింగన, కొలువులో కంబళ్ళు పరుస్తూ యథాలాపంగా ఒక మాట అన్నాడు. "మీలాగే మాట్లాడే కుర్రాడొకడు ఊపిరి కనుమ దగ్గర గుడిసెలో బాటసారులకు గంజి పోస్తుంటాడు. ముంజేతి మీద శంఖం పచ్చబొట్టు ఉంటుంది."

ఆ పచ్చబొట్టు పొడిపించింది మాచమ్మే. కొలువులో ఆమె కేక విని మహారాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

అప్పుడు నింగన అసలు విషయం చెప్పాడు. ఆ గుడిసె వాక్పాశుడనే మాంత్రికుడిది. అతనికి సైన్యం లేదు, కత్తి లేదు. మనుషులు అనే మాటనే తాడుగా పేని వాళ్ళకే బిగిస్తాడు.

"మీ పల్లపువాళ్ళు ఒకరి ఇంటి నుంచి లేచేటప్పుడు ఏమంటారు?" అని అడిగాడు నింగన.

"వస్తాం అంటాం," అన్నాడు మహారాజు.

"వెళ్ళేటప్పుడు వస్తామంటారా?"

"మరి వెళ్తున్నామని ఎలా అంటాం?"

"అదిగో! గంజి తాగి, చెయ్యి కడుక్కుని, గడప మీద నిలబడ్డవాడితో 'వస్తానండీ' అంటారు. ఆ మాటను అతను అక్కడికక్కడే పట్టేసుకుంటాడు. ఇక కనుమ దాటి ఎంత దూరం నడిచినా పొద్దు వాలేసరికి మళ్ళీ ఆ గడప దగ్గరే తేలతారు. వస్తామన్నారుగా, రావాలి మరి. ఆ కనుమలో ఎవరితో ఆ మాటంటే వాళ్ళ దగ్గరికే రావాలి. అందుకే అతను ఆ గడప మీద ఇంకొకరిని నిలబడనివ్వడు."

"మరి మీరో?"

"మేం 'పోతున్నా' అంటాం. ఆ మాటకు కొస దొరకదు, తాడు పేనలేడు. మీ కుర్రాడు కూడా ఆ గడప మీద నిలబడి తన నోటితో 'పోతున్నా' అంటే చాలు, కట్టు తెగుతుంది. కానీ మీవాళ్ళు ఆ మాట అనరు. పీక మీద కత్తి పెట్టినా అనరు."

కొలువంతా తలలు తిప్పి మాచమ్మ వైపు చూసింది. పిల్లలిద్దరికీ మాటలొచ్చినప్పటి నుంచి ఆ మాట నోట రానివ్వనిది ఆమే. ఆడుకోవడానికి పోతున్నానన్నా సరే, వెనక్కి పిలిచి, గడపలో నిలబెట్టి, "వస్తానవ్వా" అనిపించిగానీ వదిలేది కాదు.

"మానిపించింది నేను. అనిపించాల్సిందీ నేనే," అంది మాచమ్మ. "పెదబాబు ఇంకెవరు చెప్పినా వినడు. నేనూ బయలుదేరతాను మహారాజా."

"కొండ అది, మాచమ్మా! నువ్వు మేడమెట్లెక్కితేనే రెండుసార్లు కూర్చుంటావు," అన్నాడు మహారాజు.

"మూడోసారి కూర్చుంటాను. ఎక్కడం మాత్రం మాననుగా."

మహారాజు నవ్వలేకా ఏడవలేకా తల వంచుకున్నాడు. చివరికి కువలయుడు ఉన్ని వర్తకుడిగా, మాచమ్మ అతని తల్లిగా, నింగన వాళ్ళకు తోవ చూపేవాడిగా వేషం మార్చుకుని బయలుదేరాలని నిర్ణయమైంది. ముసలి తల్లిని వెంటేసుకుని తిరిగే వర్తకుణ్ణి ఏ మాంత్రికుడు మాత్రం రాజకుమారుడని అనుమానిస్తాడు?

ఇక సన్నాహం మొదలైంది.

తరంగపురంలో ఎత్తైనది రేవు దగ్గరి దీపస్తంభం ఒక్కటే. నింగన వాళ్ళిద్దరి వీపులకు ఇసుక సంచులు కట్టి దాన్నే ఎక్కించాడు. కువలయుడు లేడిలా మెట్లు దూకుతూ పైకి చేరి, దీపం దగ్గర వెల్లకిలా పడి, చేపలా నోరు తెరిచాడు. మాచమ్మ గోడ పట్టుకుని, అడుగుకొక దేవుణ్ణి తలుచుకుంటూ, మధ్యమధ్య కూర్చుంటూ ఎప్పటికో పైకి చేరింది. చేరి, "చినబాబూ, చెమట తుడుచుకో. గాలి కొడుతుంది," అంది.

నింగన కువలయుడి డొక్కలో వేలితో పొడిచాడు. "చూశావా? పైకొచ్చి ఎవరికి మాట వస్తోంది? అక్కడ గాలి పలచగా ఉంటుంది. నీలా పరుగెత్తినవాడికి తల పగిలిపోయినట్టు ఉంటుంది, వాంతులవుతాయి, పెదాలు నీలం తిరుగుతాయి. ఈమె నడిచినట్టు నడువు."

"మోకాళ్ళ నొప్పులు కూడా ఉండాలా?" అన్నాడు కువలయుడు.

"ఉంటే మంచిదే."

అంతేకాదు. పగలు ఎంత ఎత్తుకెక్కినా రాత్రి కాస్త కిందికి దిగి పడుకోవాలన్నాడు. దాహం లేకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలన్నాడు. మంచు మీద ఎండ పడితే కళ్ళు పోతాయని నల్లటి పలచని గుడ్డను కళ్ళకు కట్టుకుని నడవడం అలవాటు చేశాడు. ఆ గంతలతో రేవు వీధిలో నడుస్తుంటే చేపలమ్మే ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "మాచమ్మత్తా, దాగుడుమూతలాడే వయసా ఇది?" అని వాళ్ళంటే, "దాక్కున్నవాణ్ణి పట్టుకోవడానికేనే," అని మాచమ్మ నవ్వింది గానీ, గంతల కింద ఆమె కళ్ళు తడిశాయి.

మూటలో చివరికి మిగిలినవి గొర్రె ఉన్ని గొంగళ్ళు, లోపల ఎండుగడ్డి కూరిన తోలు చెప్పులు, పెదాలకు రాసుకోవడానికి నెయ్యి, పేలపిండి, బెల్లం, శొంఠి. మిగతావన్నీ నింగన గిరాటేశాడు. ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం విప్పి చూసి ముక్కు మూసుకుని, "ఇది మాత్రం అస్సలు వద్దు. వాసనకు ఆకాశంలో తిరిగేవి కిందికి దిగుతాయి," అన్నాడు. మాచమ్మ బుద్ధిగా తల ఊపింది. అతను అటు తిరగగానే పొట్లాన్ని రొంటిన దోపుకుంది. పెదబాబుకు చిన్నప్పటి నుంచి నెత్తళ్ళ వేపుడంటే ప్రాణం. మూడేళ్ళుగా గంజి తాగుతున్నవాడి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళడం?

అన్నిటికంటే కష్టమైనది మాట నేర్చుకోవడం.

నింగన వసారా గడప మీద మాంత్రికుడిలా నడుం మీద చేతులు వేసుకుని నిలబడేవాడు. కువలయుడు లోపలి నుంచి రావాలి, వీడ్కోలు చెప్పాలి.

"గంజి బాగుందండీ. వస్తా..." అనేవాడు కువలయుడు. తరువాత నాలుక కరుచుకునేవాడు.

"దొరికావు! ఇంకో సంచి ఇసుక!" అనేవాడు నింగన.

వీపు మీద ఇసుక పెరిగిన కొద్దీ కువలయుడికి మాట అలవాటైంది. మాచమ్మకు మాత్రం గొంతు దాటలేదు. గడప దాకా వచ్చేది. పెదాలు కదిపేది. "పో..." అని ఆగిపోయి, పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మి, లెంపలు వేసుకునేది. ఆమె మొగుడు ఒక వానాకాలం పడవెక్కుతూ, "పోతున్నానే, తలుపేసుకో," అని నవ్వుతూ అన్నాడు. ఆ తలుపు తీసి ఉంచి ఎన్ని ఏళ్ళు ఎదురుచూసినా పడవ రాలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా, ఒకరోజు నింగన గడప దిగి వచ్చి, "నువ్వు ఏమీ అనకు. నోరు మూసుకుని దాటెయ్యి. మాటే లేకపోతే తాడూ లేదు," అన్నాడు మెల్లగా. మొదటిసారి మాచమ్మ అతనికి తన చేత్తో అన్నం వడ్డించింది.

ప్రయాణం రోజు ఉదయం మహారాజు కోటగుమ్మం దాకా నడిచి వచ్చాడు. కువలయుడు తండ్రి పాదాలు తాకి, ఏమనాలో తోచక నింగన వైపు చూశాడు.

"ఇక్కడ అను," అన్నాడు నింగన. "నీ ఇంటి దగ్గర ఎంత గట్టిగా అంటే అంత మంచిది."

"వస్తాను నాన్నగారూ!" అన్నాడు కువలయుడు. కోటగోడలు మారుమోగాయి. "అన్నయ్యతో వస్తాను."

పల్లపు పొలాలు వెనకబడ్డాయి. చింతతోపులు, తాటితోపులు వెనకబడ్డాయి. నేల పైకి లేచింది, లేస్తూనే ఉంది. ఒక ఉదయం మబ్బులు విచ్చుకోగానే గాలిమెట్ల సీమ ఎదుట నిలిచింది. ఆకాశానికి వెండి నిచ్చెన వేసినట్టు ఒక శిఖరం మీద ఒక శిఖరం. వాటి భుజాల మీద మంచు పట్టుపంచెలా జారుతోంది, మడతల్లో నీలిమణుల్లాంటి సరస్సులు మెరుస్తున్నాయి. గాలి తగిలినప్పుడల్లా మంచుపొడి లేచి ఏడురంగుల్లో వెలిగి ఆరిపోతోంది. కువలయుడు నోరు తెరిచి నిలబడిపోయాడు. మాచమ్మ చేతులు జోడించి, "ఇంత అందమైన చోట ఇంత చలెందుకు పెట్టావయ్యా దేవుడా," అంది.

ఆ చేతులు దించేలోపే తల మీద నీడ పడింది.

వాళ్ళప్పుడు తీగల వంతెన నడిమధ్యలో ఉన్నారు. కింద, చూపు అందని లోతులో, నది పాలదారంలా కనిపిస్తోంది. ఆకాశం చీలినట్టు రెండు గొంతులు ఒక్కసారి అరిచాయి. గండభేరుండం! రెండు తలలు, తెరచాపలంత రెక్కలు. ఒక తల తీగను కొరుకుతుంటే రెండో తల సరిగ్గా మాచమ్మ రొంటి వైపు వంగింది.

"దీనికి ముసలమ్మ మీద ఏమిటి కోపం?" అంటూ కువలయుడు కత్తి దూశాడు. ఒక దెబ్బకు రెక్క ఈకలు రాలాయి. వంతెన ఉయ్యాలలా ఊగింది. ఒక పక్క తీగ ఫెళ్ళున తెగింది. ముగ్గురూ మిగిలిన తీగకు వేలాడారు.

నింగన ముక్కు ఎగబీల్చాడు. "అవ్వా! నిజం చెప్పు! ఏం తెచ్చావు?"

"కాసిని నెత్తళ్ళేరా!"

"పారెయ్యి!"

"పెదబాబుకి..."

"పెదబాబును చూడాలని ఉందా లేదా?"

మాచమ్మ ఒంటిచేత్తో రొంటి విప్పి, పొట్లాన్ని లోయలోకి విసిరింది. గండభేరుండం రెండు తలలూ ఆ పొట్లం కోసం ఒకదాన్నొకటి పొడుచుకుంటూ రివ్వున కిందికి జారింది. చేతుల మీద పాకుతూ ముగ్గురూ అవతలి గట్టున పడ్డారు. కాసేపు ఎవరికీ ఊపిరి అందలేదు. తరువాత నింగన తిట్టబోయి, మాచమ్మ తన వేళ్ళను వాసన చూసుకుని ఏడుస్తుంటే, ఊరుకున్నాడు.

ఊపిరి కనుమ. పేరు పెట్టినవాడు బాగా ఆలోచించి పెట్టాడు. అక్కడ మూడడుగులు వేస్తే నిలబడాలి. కనుమ మెడ మీద, లోయకు అడ్డంగా, గాజుపలకలాంటి మంచువారధి ఒకటి ఉంది. దాని చివర గుడిసె. పొగ పైకి లేస్తోంది. గంజి వాసన కమ్మగా వస్తోంది.

గడప మీద తెల్లటి గడ్డపు ముసలివాడు చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. అతన్ని చూస్తే ఎవరికైనా తమ తాతగారు గుర్తుకొస్తారు. "రండి, రండి! చలిలో అలసిపోయారు. లోపల కూర్చోండి," అన్నాడు. అతని కళ్ళు మాత్రం ముఖం కంటే చాలా చిన్నవాడివిలా చురుగ్గా తిరుగుతున్నాయి. అతనే వాక్పాశుడు.

లోపల నిప్పు చుట్టూ ఇరవైమందికి తక్కువ లేకుండా పల్లపు మనుషులు కూర్చుని ఉన్నారు. ఉన్ని వడుకుతున్నారు, కట్టెలు చీలుస్తున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్ళలో తరంగపురం భటులను మాచమ్మ గుర్తుపట్టింది. ప్రతి మనిషి నడుం నుంచీ సాలెగూటి పోగులాంటి దారం ఒకటి లేచి దూలం మీదుగా గడప దాకా, ఆ ముసలివాడి వేలి ఉంగరాల దాకా సాగింది. నిప్పు వెలుగు పడినప్పుడే అవి తళుక్కుమంటున్నాయి.

కుండ దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డవాడు శంఖపాలుడు.

చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. మాచమ్మ గిన్నె చాచితే గంజి పోశాడు గానీ ఆమె ముఖం చూడలేదు. "రండి, కూర్చోండి," అన్నాడు చిలకలా.

కువలయుడు లేవబోతే నింగన అతని మోకాలు నొక్కి కూర్చోబెట్టాడు. తరువాత తనే బయటికెళ్ళి, ఉన్ని బేరం మొదలుపెట్టి, వాక్పాశుణ్ణి గడప నుంచి నాలుగడుగులు దూరం జరిపాడు. అనుకున్నదే అది. ఆ కాసేపట్లోనే పని జరగాలి.

మాచమ్మ గిన్నె దించి, శంఖపాలుడి చెంపలను రెండు చేతులతో పట్టుకుంది. "పెదబాబూ! నేనురా, అవ్వను."

చూపు కదల్లేదు. కానీ ముక్కు కదిలింది. ఆ చేతుల్లో నెత్తళ్ళ వాసన ఇంకా ఉంది. ఉప్పు, ఎండ, రేవు, వంటశాల వసారా, అన్నీ ఆ వాసనలో ఉన్నాయి. శంఖపాలుడి కనుబొమలు ముడిపడ్డాయి.

"అవ్వ..." అన్నాడు నిద్రలోలా.

"అవును నాన్నా! తొందరగా రా. గడప మీద నిలబడి ఒక్క మాట అను. 'పోతున్నా' అను. అంతే. అనేస్తే ఇంటికెళ్ళిపోవచ్చు."

ఎన్నడూ గొంతు దాటని మాట ఆమె నోట తేలిగ్గా వచ్చేసింది. వచ్చిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

శంఖపాలుడు చిన్నపిల్లాడిలా తల అడ్డంగా ఊపాడు. "అమ్మో, అనకూడదు."

"నేనేగా అనమంటున్నాను!"

"అనకూడదు. అవ్వ కొడుతుంది," అన్నాడు అతను.

మాంత్రికుడు అతని మనసులోంచి అన్నీ తుడిచేశాడు. రాజ్యాన్ని, తండ్రిని, తమ్ముణ్ణి, తన పేరును తుడిచేశాడు. అనకూడదని ఆమె నేర్పిన ఆ ఒక్క మాట మాత్రం తుడిచిపెట్టకుండా వదిలాడు. దానితోనే అతన్ని కట్టి ఉంచాడు. మాచమ్మ చేతులు చెంపల మీంచి జారిపోయాయి.

"కొట్టను నాయనా," అంది. "ఇంకెప్పుడూ కొట్టను. అను."

"అవ్వా!" కువలయుడు గుసగుసగా హెచ్చరించాడు. "వస్తున్నాడు!"

గడప మీద నీడ పడింది. వాక్పాశుడి నవ్వు చెదరలేదు గానీ, చురుకైన కళ్ళు ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి తిరిగాయి. "నా వంటవాడితో పనేమిటి, అమ్మా? గంజి అయిందిగా. పొద్దు వాలకముందే బయలుదేరండి."

ఇక ఉండడానికి వీల్లేదు. ఉంటే అనుమానం నిజమవుతుంది. కువలయుడు అన్నయ్య వైపు చూడకుండా, పళ్ళు బిగించి గడప దాటాడు. "గంజి బాగుంది. పోతున్నా," అన్నాడు.

మాంత్రికుడి వేళ్ళు గాలిలో దేన్నో పట్టబోయి ఖాళీగా మూసుకున్నాయి. నవ్వు కాస్త వాడింది.

"పోతున్నా," అన్నాడు నింగన.

ఇద్దరూ మంచువారధి మీదుగా అవతలికి నడిచారు. ఇక మాచమ్మ. నోరు మూసుకుని దాటెయ్యాలి. అంతే. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక కాలు గడప అవతల పెట్టింది. రెండో కాలు ఎత్తింది.

వెనుక నుంచి సన్నని గొంతు వినబడింది. "అవ్వా, మళ్ళీ ఎప్పుడొస్తావు?"

మాచమ్మ వెనక్కి తిరిగింది. కుండ పక్కన గరిటెతో అతను, చిన్నప్పుడు వసారాలో నిలబడ్డట్టే నిలబడి ఉన్నాడు. ఆ పిల్లాడికి బదులు చెప్పకుండా ఆమె ఏనాడూ గడప దిగలేదు. కొంగు నోట్లోంచి జారింది.

"వస్తాను పెదబాబూ," అంది మాచమ్మ. "వస్తానురా."

వారధి అవతల కువలయుడు కెవ్వుమన్నాడు. నింగన తల పట్టుకుని మంచులో కూలబడ్డాడు.

వాక్పాశుడు కనుమ దద్దరిల్లేలా నవ్వాడు. గాలిలోంచి ఆ మాటను పట్టడానికి ఉంగరాల చెయ్యి చాచాడు. వేళ్ళు మూశాడు, తెరిచాడు. ఏమీ లేదు. మళ్ళీ మూశాడు. ఏమీ లేదు.

మాచమ్మ కిందికి చూసుకుంది. తన నడుం నుంచి కొత్త దారం ఒకటి లేచింది. అది మాంత్రికుడి పక్కనుంచి, అతన్ని తాకకుండా, గుడిసెలోకి వెళ్ళింది. శంఖపాలుడి ముంజేతి మీద, శంఖం పచ్చబొట్టు చుట్టూ ముడిపడింది.

ఆ కనుమలో ఎవరితో అంటే వాళ్ళ దగ్గరికే రావాలి. ఇన్నేళ్ళలో ఆ గడప మీద నిలబడ్డ మాంత్రికుణ్ణి దాటి, లోపలున్నవాళ్ళతో వస్తానన్నవాళ్ళు ఎవరూ లేరు.

"ఓహో! ఇక నువ్వు నన్ను ఎక్కడికి తరిమినా, ఈ కొండే నన్ను నా బిడ్డ దగ్గరికి తీసుకురావాలన్నమాట," అంది మాచమ్మ ఆశ్చర్యంగా, రెండో కాలూ గడప దాటించి వారధి మీదికి నడుస్తూ.

తాతగారి ముఖం పెంకులా పగిలిపోయింది. దాని వెనుక నుంచి గబ్బిలం రంగు ముఖం బయటపడింది. "వస్తావా? ఎముకలతో రా!" అని అరుస్తూ వాక్పాశుడు వారధి మీద కాలితో తన్నాడు. మంచుపలక నిలువునా చీలింది. అప్పటికి మాచమ్మ దాని నడుమకు చేరింది. కువలయుడు పరుగెత్తి చెయ్యి చాచాడు. వేళ్ళకు వేళ్ళు తగిలాయి, అంతలోనే విడిపోయాయి.

మాచమ్మ లోయలోకి పడింది.

గాలి హోరుమంది. మంచుముక్కలు చుట్టూ వజ్రాల్లా తిరుగుతూ పడుతున్నాయి. పడవల కోసం, పిల్లల కోసం, వానకూ గాలికీ జీవితమంతా భయపడిన ఆ మనిషికి అప్పుడు మాత్రం భయం వేయలేదు. ఆమె తన నడుముకున్న దారాన్ని రెండు చేతులా పట్టుకుని పైకి చూసింది.

ఎక్కడో పైన, గుడిసెలో గరిటె కిందపడిన చప్పుడు. తరువాత, ఇన్నేళ్ళూ మాంత్రికుడు తప్ప ఎవరూ నిలబడని ఆ గడప మీద ఇంకెవరిదో పాదం పడిన చప్పుడు. పచ్చబొట్టున్న చెయ్యి ఒకటి లోయ మీదికి వంగింది.

దారం ఒక్కసారిగా బిగిసి, ఆమె గాలిలో ఆగింది.